నరసింహుడు స్తంభంలోంచి ఎప్పుడు వచ్చాడు? పురాణకథల మూలాలు వెతకడం ఎలా సాగుతుంది

నరసింహావతారం మీద 2025లో వచ్చిన యానిమేషన్ సినిమా తెలుగులోనూ బాగా ఆడింది. ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా ఇళ్లలోనూ ఫోన్లలోనూ ఒకటే ప్రశ్న తిరుగుతుంది. ప్రహ్లాదుణ్ణి ఒళ్లో పెట్టుకుని నిప్పులో కూర్చుందని చెప్పే హోళిక ఏ పురాణంలో ఉంది? స్తంభం సీను విష్ణుపురాణంలో లేదట, నిజమేనా? అయితే అసలు కథ ఏది? ఒకరు "అంతా కల్పితం" అని కొట్టిపారేస్తే, ఇంకొకరు "మన పురాణాల్నే శంకిస్తారా" అని కోపం తెచ్చుకుంటారు. నిజానికి ఈ ప్రశ్నలకు చాలావరకు జవాబులు ఉన్నాయి. పుస్తకాలు తెరిచి వరసగా చూస్తే దొరుకుతాయి. పైగా ఆ జవాబులు ఈ రెండు పక్షాల్లో ఎవరూ అనుకున్నట్టు ఉండవు.

అందుకే తెలుగువాళ్లకు బాగా తెలిసిన నరసింహుడి కథనే తీసుకుని, ఒక పవిత్ర కథ మూలాల్ని పరిశోధకులు ఎలా వెతుకుతారో, ఎక్కడ చిక్కుపడతారో చూద్దాం.

"అసలు కథ ఏది" అన్నదాంట్లో మూడు ప్రశ్నలు ఉన్నాయి

మొదటిది, ఈ కథ మనకు దొరికే అతి పాత గ్రంథం ఏది? రెండోది, తర్వాతి కాలంలో అందులో ఏమేం చేరాయి, ఏమేం మారాయి? మూడోది, ఈ కథ ఫలానా కొండకీ ఫలానా గుడికీ ఎలా ముడిపడింది? మొదటి రెండింటికి గ్రంథాలు కావాలి. మూడోదానికి శాసనాలు, శిల్పాలు, అక్కడి జనం ఆచారాలు కూడా కావాలి. ఈ మూడింటినీ కలిపేసి ఒకే జవాబు కోరితే వాదన ఎప్పటికీ తెగదు.

నాలుగో ప్రశ్న కూడా ఒకటుంది. ఇది నిజంగా జరిగిందా? దానికి ఈ పద్ధతి జవాబు చెప్పదు, చెప్పగలనని అనుకోదు కూడా. ఒక కథ ఎప్పటినుంచి చెప్పుకుంటున్నారో తేల్చడం వేరు, దాన్ని నమ్మడం వేరు.

గ్రంథాల గురించి రెండు ముక్కలు. వేదాల్ని శ్రుతి అంటాం. సంహితలు, వాటి తర్వాతి బ్రాహ్మణాలు, ఆరణ్యకాలు, ఉపనిషత్తులు ఇందులోకి వస్తాయి. రామాయణ, మహాభారతాలు ఇతిహాసాలు. వాటి తర్వాత శతాబ్దాల తరబడి పెరుగుతూ వచ్చినవి పురాణాలు. ఒక క్షేత్రం గొప్పతనాన్ని చెప్పేది మాహాత్మ్యం, మనం స్థలపురాణం అంటాం. చాలా మాహాత్మ్యాలు తాము స్కాంద పురాణంలోనో బ్రహ్మాండ పురాణంలోనో భాగమని చెప్పుకుంటాయి. ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

వేదంలో ఏముంది: ఒక నురగ, ఒక తండ్రి, ఒక గాయత్రి

ఋగ్వేదంలో హిరణ్యకశిపుడి వధ లేదు. కానీ ఎనిమిదో మండలంలో ఒక మంత్రం ఉంది. నముచి అనే శత్రువు తలను ఇంద్రుడు నీటి నురగతో తెగగొట్టాడని అందులో చెప్తారు. నురగతో ఎందుకు? శతపథ బ్రాహ్మణం దానికి కథ చెప్తుంది. పగలు గానీ రాత్రి గానీ, తడిదానితో గానీ పొడిదానితో గానీ నిన్ను చంపనని ఇంద్రుడు నముచికి మాటిచ్చాడు. అందుకని పగలూ రాత్రీ కాని తెల్లవారుఝామున, తడీ పొడీ కాని నురగతో చంపాడు.

ఇది చదవగానే తెలుగువాడికి హిరణ్యకశిపుడి వరాలు గుర్తొస్తాయి. పగలూ రాత్రీ కాని సంధ్యవేళ, లోపలా బయటా కాని గడప, మనిషీ మృగమూ కాని రూపం. దేవుడు వేరు, అసురుడు వేరు, కానీ వరంలోని సందు వెతికే తీరు ఒకటే. ఇలాంటిదాన్ని పరిశోధకులు కథాంశం అంటారు. ఒక కథాంశం ఒక దేవుడి కథలోంచి మరో దేవుడి కథలోకి నడవగలదు. అయితే నముచి కథే నరసింహ కథగా మారిందని మాత్రం దీన్నిబట్టి తేల్చలేం. పోలిక ఉందని చెప్పగలం, అంతే.

ప్రహ్లాదుడు కూడా వేదంలో ఉన్నాడు, మనం అనుకునే చోట కాదు. తైత్తిరీయ బ్రాహ్మణంలో "కాయాధవ ప్రహ్లాదుడు" తన కొడుకు విరోచనుణ్ణి దేవతలు చంపేస్తారేమోనని దాచిపెడతాడు. అక్కడ ఆయన భక్తుడు కాదు, బాలుడు కాదు. కొడుకు గురించి భయపడే అసుర తండ్రి. కాయాధవుడు అంటే కయాధువు కొడుకు. వందల ఏళ్ల తర్వాత భాగవతం హిరణ్యకశిపుడి భార్య పేరు కయాధువు అంటుంది. మన హరికథల్లో, సినిమాల్లో లీలావతిగా అలవాటైన తల్లి ఈమే. కథ ఇంత మారినా తల్లి పేరు అలా నిలిచిపోవడం నాకు చాలా విలువైన ఆధారంగా కనిపిస్తుంది. కథకులు కొత్తవి చేర్చారు, కానీ చేతికందిన పాతదాన్ని పారేయలేదు.

ఇక నరసింహుడి పేరు. తైత్తిరీయ ఆరణ్యకం పదో ప్రపాఠకంలో (అధ్యాయంలో), అంటే మహానారాయణోపనిషత్తులో, వజ్రం లాంటి గోళ్లు, వాడి కోరలు గల నరసింహుణ్ణి ప్రార్థించే గాయత్రి ఉంది. వేదంలో ఉంది కాబట్టి ఇదే అన్నిటికన్నా పాత ఆధారం అనుకోవచ్చా? ఇక్కడ ఒక చిక్కుంది. ఈ ప్రపాఠకాన్ని సంప్రదాయమే ఖిలం, అంటే అనుబంధం అంటుంది. ప్రాంతాన్నిబట్టి దీని పాఠం మారుతుంది. ద్రావిడ పాఠంలో 64 అనువాకాలు, అంటే చిన్న విభాగాలు, ఉంటే ఆంధ్ర పాఠంలో 80 ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా రాకుండా కాపాడుకొచ్చిన వేదంలో ఈ భాగం మాత్రం ఇంత కదిలిందంటే, చేర్పులు జరిగాయని అర్థం. కాబట్టి ఈ గాయత్రి ఏ కాలంలో చేరిందో తేలకుండా దీన్ని ఆధారంగా వాడటం కష్టం.

భారతంలో, హరివంశంలో, విష్ణుపురాణంలో స్తంభం లేదు

మహాభారతంలో నరసింహుడి ప్రస్తావనలు క్లుప్తంగా ఉంటాయి. వనపర్వంలో దేవతలు విష్ణువును స్తుతిస్తూ, నరసింహ రూపమెత్తి హిరణ్యకశిపుణ్ణి చంపావని ఒక మాట అంటారు. ప్రహ్లాదుడు విడిగా కనిపిస్తాడు. శాంతిపర్వంలో ఆయన శీలానికి పేరుపడ్డ అసురరాజు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి ఆ శీలాన్నే దానంగా పట్టుకుపోతాడు. తండ్రీకొడుకుల తగాదా అక్కడ లేదు.

భారతానికి అనుబంధమైన హరివంశంలో కథ విస్తారంగా ఉంది. నరసింహుడు నేరుగా హిరణ్యకశిపుడి సభకే నడిచొస్తాడు. సభలో ఉన్న ప్రహ్లాదుడు దివ్యదృష్టితో చూసి, ఈ రూపంలో లోకాలన్నీ కనిపిస్తున్నాయని తండ్రికి చెప్తాడు. మత్స్యపురాణంలోనూ దాదాపు ఇదే. స్తంభం లేదు, పిల్లవాణ్ణి హింసించడం లేదు.

హింసల కథ విష్ణుపురాణంలో వస్తుంది. పాములు, ఏనుగులు, విషం, నిప్పు, కొండమీంచి తోసెయ్యడం, సముద్రంలో పడేసి రాళ్లు పేర్చడం, అన్నీ ఉన్నాయి. నిప్పు ఘట్టంలో హోళిక పేరు మాత్రం లేదు, భాగవతంలో కూడా లేదు. విచిత్రమేమిటంటే, చివర్లో హిరణ్యకశిపుడు కొడుకును దగ్గరకు తీసుకుని కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆ తర్వాత విష్ణువు నరసింహ రూపంలో తండ్రిని అంతం చేశాక ప్రహ్లాదుడు రాజయ్యాడని ఒకే ఒక్క ముక్కలో పురాణం ముగించేస్తుంది. ఈ పురాణానికి ముఖ్యం కొడుకు భక్తి, సింహం కాదు. ప్రహ్లాదుడు అసురరాజు నుంచి ఆదర్శ భక్తుడిగా మారిన ఈ దారిని గ్రంథం గ్రంథం పోల్చి చూపినవాడు జర్మన్ పండితుడు పాల్ హాకర్.

స్తంభం ముందుగా తమిళంలో వినిపిస్తుంది

సంస్కృతంలో స్తంభం ఘట్టం మనకు తెలిసిన రూపంలో ఉన్నది భాగవతం ఏడో స్కంధంలో. అంతటా ఉన్నవాడు ఈ స్తంభంలో ఎందుకు కనబడడని హిరణ్యకశిపుడు అడుగుతాడు, పిడికిలితో స్తంభాన్ని గుద్దుతాడు. పదిహేనో శతాబ్దంలో పోతన దీన్ని తెలుగు చేశాక "ఇందుగలడందులేడని" పద్యం రాని తెలుగు బడిపిల్లవాడు లేడన్నంతగా అది మన సొంతమైపోయింది.

భాగవతం వ్యాసుడు చెప్పిందని సంప్రదాయం. గ్రంథం భాషను, భావాల్ని చూసి చాలామంది పరిశోధకులు దానికి తొమ్మిది, పది శతాబ్దాల ప్రాంతం కాలం చెప్తారు. దక్షిణాదిలో కూర్చబడిందన్న అభిప్రాయం కూడా బలంగా ఉంది. దానికి ఒక కారణం ఆళ్వార్లనే తమిళ విష్ణుభక్త కవులు. నమ్మాళ్వార్ తిరువాయ్‌మొళిలో ఒక పాశురం, అంటే పద్యం, మన సీను మొత్తాన్ని చెప్పేస్తుంది. దేవుడు అంతటా ఉన్నాడన్న కొడుకు మీద కోపగించి, ఇక్కడ లేడు కదా అని హిరణ్యుడు స్తంభాన్ని కొట్టగానే, అక్కడే, ఆ క్షణమే సింహమై వచ్చాడంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే తమిళ సంగం సాహిత్యంలో చేర్చే పరిపాడల్ ఉంది. దాని నాలుగో పాటలో ప్రహ్లాదుడి తండ్రి, ఆయన్ని చీల్చిన గోళ్లు, వాటితోపాటు విరిగిన స్తంభం మాట కూడా వస్తాయి.

కాబట్టి "స్తంభం భాగవతకారుడి కల్పన" అన్నవాళ్ల మాట నిలవదు. భాగవతానికి ముందే దక్షిణాదిలో భక్తులు పాడుకుంటున్న ఘట్టం అది. అలాగే "స్తంభం అన్ని పురాణాల్లోనూ ఉంది" అన్నదీ నిలవదు. తమిళ పాటలోంచి సంస్కృతంలోకి వెళ్లిందా, రెండింటికీ ఇంకేదైనా నోటికథ మూలమా అన్నది ఇప్పుడున్న ఆధారాలతో తేలదు.

స్తంభం ఎందుకు నిలిచిందో భాగవతమే చెప్తుంది. తన సేవకుడి మాట నిజం చెయ్యడానికీ, తాను సమస్త భూతాల్లో వ్యాపించి ఉన్నానని చూపడానికీ దేవుడు అలా ప్రత్యక్షమయ్యాడట. హరివంశంలోలా సభాద్వారం గుండా నడిచొస్తే అసురుడు చస్తాడు గానీ పిల్లవాడి మాట రుజువు కాదు. ఆ చేర్పు తర్వాతిదైనా కథకు ప్రాణం అదే. పాతదే గొప్పదనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

పల్నాటి రాయి చెప్పే కథ వేరు

పల్నాడులో పిడుగురాళ్ల దగ్గర కొండమోడులో ఒక రాతి పలక దొరికింది. ఇప్పుడది హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల నాటిదని అంచనా. దాని మీద నరసింహుడు మనిషి ఒంటితో లేడు. పూర్తి సింహమే. మెడ పక్కనుంచి రెండు మనిషి చేతులు మాత్రం వచ్చాయి, ఒకదాంట్లో గద, ఒకదాంట్లో చక్రం. రొమ్ము మీద విష్ణువు గుర్తయిన శ్రీవత్సం. ఇరువైపులా ఐదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లను కృష్ణుడి వంశమైన వృష్ణి వంశపు ఐదుగురు వీరులుగా గుర్తించారు.

తొడమీద హిరణ్యకశిపుడు లేడు, ప్రహ్లాదుడు లేడు, స్తంభం లేదు. అంటే వధ ఘట్టంతో సంబంధం లేకుండా, సింహరూపుడైన దేవుణ్ణి మన నేల మీద అప్పటికే కొలుస్తున్నారు. నరసింహుడి తొలి శిల్పాల్లో ఇదొకటి. గ్రంథాలు మాత్రమే చదివినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. కథల మూలాలు వెతికేవాళ్లు మ్యూజియాలకు ఎందుకు వెళ్తారో ఈ ఒక్క పలక చాలు చెప్పడానికి.

అహోబిలం: కథ కొండెక్కిందా, కొండ కథలోకి వచ్చిందా

నల్లమలలోని అహోబిలంలో ఉగ్రస్తంభం అనే ఎత్తైన కొండచీలిక ఉంది. జనం ఉక్కుస్తంభం అంటారు. నరసింహుడు వెలువడింది దీన్నుంచేనని నమ్మకం. ఈ క్షేత్రాన్ని తిరుమంగై ఆళ్వార్ "సింగవేళ్‌కున్రం" పేరుతో పాడారు. అక్కడి ఎండిన అడవి, మండే ఎండ, విల్లు పట్టిన వేటగాళ్లు ఆ పాశురాల్లో కనిపిస్తారు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన నృసింహపురాణం ఈ క్షేత్రం కథను తెలుగులోకి తెచ్చింది.

కానీ అక్కడ ఇంకో కథ కూడా బతికి ఉంది. ఉగ్రరూపంతో అడవిలో తిరుగుతున్న నరసింహుడు చెంచుల ఆడపిల్లను చూసి మనసుపడ్డాడు, చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్ల అల్లుడయ్యాడు. చెంచులు ఇప్పటికీ ఓబులేసుణ్ణి, అంటే అహోబిలం స్వామిని, అల్లుడిగానే చూస్తారు. కనుమ నాడు మొదలయ్యే పారువేట అనే వేట ఉత్సవంలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. ఉత్సవం మొదలయ్యేటప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసే ఆచారం ఉంది. ఈ పెళ్లి ముచ్చట భాగవతంలో లేదు.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. అడవి జనం కొలిచే సింహదైవమో, పాతిపెట్టిన కొయ్య రూపంలోని దైవమో ముందునుంచీ ఉండగా, నరసింహుడి పేరు దానికి తర్వాత చేరిందన్నది ఒక వాదం. ఒడిశాలో స్తంభేశ్వరి లాంటి దేవతల ఆరాధనను చూసి జర్మన్ పరిశోధకురాలు ఆన్‌షార్లట్ ఎష్‌మన్ నరసింహుడి విషయంలో ఇలాంటి మార్పును చర్చించారు. అహోబిలం అడవి నేపథ్యాన్ని మరో జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ పట్టించుకున్నారు. రెండో వాదం ప్రకారం పురాణమే ముందు, క్షేత్రంగా పేరొచ్చాక స్థానిక జనం దానితో చుట్టరికం కలుపుకున్నారు. నాకు మొదటిదానిలో బలం ఎక్కువ కనిపిస్తుంది. ఆచారంలో చెంచులకు ఉన్న చోటు అతిథుల చోటు కాదు, పిల్లనిచ్చిన వాళ్ల చోటు. అయినా దాన్ని రుజువు చేసే పాత శాసనం ఏదీ చేతిలో లేదు కాబట్టి అది అభిప్రాయమే.

స్తంభం తమ దగ్గరే ఉందనే ఊళ్లు ఇంకా ఉన్నాయి. పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో శిథిలమైన ప్రహ్లాదపురి ఆలయం ఉంది. బిహార్‌లో పూర్ణియా దగ్గర ఒక రాతిస్తంభాన్ని ఇదేనని చూపిస్తారు.

"గ్రంథంలో లేదు" అంటే ఏ ప్రతిలో లేదు?

ఇంకో ఇబ్బంది తాళపత్రాల నుంచే వస్తుంది. మహాభారతం ప్రతులు కాశ్మీరం నుంచి కేరళ దాకా తేడాలతో ఉన్నాయి. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో పని మొదలుపెట్టి, 1,259 రాతప్రతుల్ని పరిశీలించి, 1966 నాటికి పరిష్కృత ప్రతి పూర్తిచేసింది. పద్ధతి కష్టమైనదే గానీ అర్థం చేసుకోవడం తేలిక. దూరదూర ప్రాంతాల ప్రతులన్నిటిలోనూ ఉన్న శ్లోకం పాతది. ఒక ప్రాంతంలోనే ఉన్నది తర్వాతి చేర్పు కావచ్చు. అలా చూసినప్పుడు వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాసిన కథ మూలపాఠంలో నిలవక అనుబంధంలోకి వెళ్లింది.

దీనికి అభ్యంతరాలూ ఉన్నాయి. దొరికిన ప్రతుల్లో లేనంత మాత్రాన నోటిమాటగా కూడా లేదని ఎలా అంటాం? ఏ ఊళ్లోనూ ఎవరూ పారాయణ చెయ్యని ఒక కొత్త పాఠాన్ని పరిష్కర్తలే తయారుచేశారు కదా? ఈ రెండూ సరైన ప్రశ్నలే. పరిష్కృత ప్రతి మనకు దొరికే పాఠాల్లో పాత పొరను చూపిస్తుంది, వ్యాసుడి చేతిరాతను కాదు. పురాణాల విషయంలో ఇది ఇంకా కష్టం. ఒకే పురాణంలో శతాబ్దాల తేడా ఉన్న అధ్యాయాలు పక్కపక్కనే ఉంటాయి. అందుకని "ఫలానా పురాణం ఫలానా శతాబ్దానిది" అని మొత్తానికి ఒక తేదీ చెప్పేవాళ్లను జాగ్రత్తగా వినాలి.

సంప్రదాయం కూడా ఈ ప్రశ్నలు అడిగింది

కథల్ని విశ్లేషించడం పాశ్చాత్యుల అలవాటని కొందరు అనుకుంటారు. వేదపదాలకు అర్థం చెప్పే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తం తెరిస్తే ఆ అనుమానం తీరుతుంది. ఇంద్రుడు చంపిన వృత్రుడు ఎవరు అని అడిగి, మేఘమని నైరుక్తులు (పదార్థం చూసేవాళ్లు), త్వష్ట కొడుకైన అసురుడని ఐతిహాసికులు (కథను కథగా తీసుకునేవాళ్లు) అంటారని యాస్కుడు రాశాడు. రెండు పక్షాలూ ఆనాడే ఉన్నాయి. ఏడో శతాబ్దంలో మీమాంస పండితుడు కుమారిలభట్టు ఇంద్రుడు అహల్యను చెరిచాడన్న కథకు, సూర్యుడు రాత్రిని లయం చేస్తాడని అర్థం చెప్పాడు.

ఒకే కథ రెండు పురాణాల్లో రెండు రకాలుగా ఉంటే పండితులు కల్పభేదం, అంటే సృష్టి చక్రాల మధ్య తేడా, అంటారు. ఒక కల్పంలో నడిచొచ్చాడు, ఇంకో కల్పంలో స్తంభంలోంచి వచ్చాడు, రెండూ సత్యమే. విశ్వాసి దృష్టిలో ఇది పూర్తి సమాధానం. ఏ కథనాన్నీ తప్పని తోసెయ్యాల్సిన పని ఉండదు. చరిత్రకారుడికి మాత్రం ఇది చాలదు, ఎందుకంటే ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఇద్దరూ అడిగే ప్రశ్నలే వేరు కాబట్టి, ఒకరి జవాబుతో రెండోవాళ్లను ఓడించడం కుదరదు.

ఇదే పద్ధతితో అంజనాద్రి వివాదం

2021 ఏప్రిల్‌లో శ్రీరామనవమి నాడు, హనుమంతుడి జన్మస్థలం తిరుమల కొండల్లోని అంజనాద్రేనని టీటీడీ ప్రకటించింది. కర్ణాటకలో హంపి దగ్గరి ఆనెగుంది అంజనాద్రి వాళ్లు ఒప్పుకోలేదు. మే నెలలో తిరుపతిలో చర్చ జరిగినా రెండు పక్షాలకూ రాజీ కుదరలేదు. నాసిక్ దగ్గరి అంజనేరి, జార్ఖండ్‌లోని గుమ్లా దగ్గరి ఆంజన్ గ్రామం కూడా ఇదే మాట చెప్తాయి.

ముందు పాత గ్రంథం చూద్దాం. వాల్మీకి కిష్కింధకాండలో అంజన ఒక పర్వతశిఖరం మీద విహరిస్తుండగా వాయువు ఆమెను చూశాడని, ఆమె గుహలో హనుమంతుణ్ణి కన్నదని జాంబవంతుడు చెప్తాడు. పర్వతం పేరు చెప్పడు. సుందరకాండలో హనుమంతుడే సీతతో, తన తండ్రి కేసరి మాల్యవంతం నుంచి గోకర్ణానికి వెళ్లాడంటాడు. ఉత్తరకాండలో కేసరి రాజ్యం చేసింది సుమేరువు మీద. ఒకే కావ్యంలో మూడు చోట్ల మూడు రకాలు. రామాయణంతో ఏ ఊరూ గెలవలేదు.

టీటీడీ చూపిన ఆధారాల్లో ముఖ్యమైనవి వేంకటాచల మాహాత్మ్యం, అది తన మూలాలుగా చెప్పుకునే పురాణభాగాలు, శాసనాలు, తర్వాతి సాహిత్యం. వీటిలో అంజన ఆ కొండ మీద తపస్సు చేసిందనీ, అందుకే దానికి అంజనాద్రి అనే పేరొచ్చిందనీ ఉంది. ఇవి మన మూడో ప్రశ్నకు గట్టి ఆధారాలే. తిరుమల భక్తులు శతాబ్దాలుగా ఆ కొండను అంజనతో కలిపి తలుచుకుంటున్నారని ఇవి రుజువు చేస్తాయి. వాల్మీకి మనసులో ఉన్న కొండ ఇదేనని చెప్పాలంటే మాత్రం వాల్మీకి పేరు చెప్పి ఉండాలి. ఆనెగుంది వాదానికి బలం కిష్కింధ, పంపా సరస్సు అక్కడివేనన్న పాత నమ్మకం. కానీ హనుమంతుడు కిష్కింధలో సుగ్రీవుడి దగ్గర ఉన్నాడన్నదానికీ, అక్కడే పుట్టాడన్నదానికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని కూడా స్థానిక సంప్రదాయంతోనే పూడ్చాలి, వాల్మీకి శ్లోకంతో కాదు.